విడువబడిన పెండ్లికుమార్తె

వాక్యభాగములు: నిర్గమ. 21:7-11, న్యాయా. 14:10 – 15:8, ఆది. 38, మత్తయి 1:18-25



ఈ పాఠమునకు ముందు పైని చూపిన నాలుగు భాగములను ఇంటిలో అందరును వినునట్లు ఒకరు బిగ్గరగా చదువవలెను. పెద్దలకు చదువు రాని ఇండ్లలో పిల్లలు చదివి వినిపింపవచ్చును. నాలుగింటిలోను ఒక స్త్రీ కలదు. నాలుగింటిలోను ఆమెను గూర్చి ఒక పురుషునితో మాట జరిగినది. ఆ మాట ఏమాయెను అన్నదే నేటి మన పాఠము.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపట్ల పల్లెలలో మన అక్కచెల్లెండ్రు ఈ విషయమును గూర్చి మిక్కిలిగా మాటలాడుకొన్నది వేదపాఠములో కాదు, టెలివిజన్ యెదుట. ‘చిన్నారి పెళ్లికూతురు’ అను సీరియలు చాలమందికి జ్ఞాపకముండును. అది ‘బాలికా వధు’ అను పేరుతో 2008లో హిందీలో ఆరంభమై 2016 వరకు 2,000కు పైగా భాగములుగా నడిచినది. తెలుగు మాటలతో మా టీవీలో వచ్చినది. రాజస్థాను పల్లెలో ఎనిమిదేండ్ల ఆనందిని జగదీశు అను పిల్లవానికి కట్టబెట్టుటతో కథ మొదలగును. పిల్లవాడు పెద్దవాడై వైద్యవిద్యకు బొంబాయి పోవును. అక్కడ గౌరి అను మరియొక స్త్రీని పెండ్లాడును. అత్తవారింట పెరిగి పెద్దదైన ఆనంది విడువబడును.

వంట ముందుగా ముగించుకొని ఆ వేళకు కూర్చున్న ఇండ్లు అనేకము. మరునాడు నాటు వేయు మడిలో అదే ముచ్చట. “వాని చేతులు పడిపోను” అని తిట్టినవారు కొందరు. కన్నీరు పెట్టుకొన్నవారు అనేకులు. అయితే మరియొక మాట కూడ వినబడుచుండెను: “డాక్టరు చదివినవానికి పల్లెటూరి పిల్ల ఎట్లు సరిపోవును? ఆమెయందు ఏదో తక్కువైయుండును.” ఆ మాట అన్నవారు చెడ్డవారు కారు. వారును ఏడ్చినవారే. తరువాత కథలో గౌరి ఆ జగదీశును విడిచిపోగా, వాడు పశ్చాత్తాపపడి ఆనంది యొద్దకు తిరిగి వచ్చెను. అప్పుడు మన ఇండ్లలో రెండు పక్షములైనవి. “ఎంతైనా మొగుడు, తీసికొనవలెను” అని కొందరు, “గడప తొక్కనీయకూడదు” అని కొందరు. ఆనంది వానిని ఒల్లక, జిల్లా కలెక్టరును పెండ్లాడెను.

ఇట్టి కథ సీమదేశములోను కలదు. పట్టణములలో చదువుకొను మన పిల్లలు కొందరు సెల్లుఫోనులో చూచు ‘డౌన్‌టన్ యాబీ’ అను ఇంగ్లీషు నాటకము నూరేండ్ల క్రిందటి జమీందారీ కుటుంబమును గూర్చినది. 2012లో అక్కడ ప్రసారమైన మూడవ భాగములో, ఆ ప్రభువు రెండవ కుమార్తె ఈడిత్ పెండ్లి వస్త్రములతో గుడిలో నిలుచును. పెండ్లికుమారుడు సర్ ఆంథోనీ వయస్సు మీరినవాడు, మొదటి ప్రపంచయుద్ధములో గాయపడి ఒక చేయి చచ్చుపడినవాడు. పాదిరిగారు ఆరాధన ఆరంభించిన తరువాత, బంధువులందరి యెదుట, తనవలన కాదని చెప్పి అతడు గుడి విడిచిపోవును. అతనిని పోనిమ్మని చెప్పునది పెండ్లికుమార్తె నాయనమ్మయే. ముసలివాడు తొలగిపోవుట మేలే గదా అని చూచువారికి తోచవచ్చును. మేలే కావచ్చును. అయితే ఆ మేలును అతడు నెల ముందు ఇంటికి వచ్చి చెప్పియుండవచ్చును. బలిపీఠము దాక నడిపించి చెప్పుట వేరు.

ఈ రెండు నాటకములలో ఒక పోలిక కలదు. ఆనందికి కలెక్టరు దొరకెను. ఈడిత్‌కు 2015లో వచ్చిన కడపటి భాగములో గొప్ప బిరుదుగల ప్రభువు దొరకెను. నాటకము వ్రాయువారు మన కన్నీటిని ఈ విధముగా తుడుతురు. విడిచినవానికంటె పెద్దవానిని తెచ్చి నిలువబెట్టుదురు. మనము తృప్తిపడి దీపమార్పి పండుకొందుము. మన పల్లెలో ప్రధానము తప్పిన పిల్లకు కలెక్టరు రాడు. వచ్చునది రెండవ సంబంధము, అదియును ఎక్కువ కట్నముతో.

అగస్టీను అను సంఘపిత తన ‘ఒప్పుకోళ్ల’లో దీనిని గూర్చి వ్రాసెను. ఆయన క్రీ.శ. 354లో ఉత్తర ఆఫ్రికాలో జన్మించెను. బడిలో వర్జిలు కవి కావ్యము చదువుచు, డైడో రాణిని గూర్చి తాను ఏడ్చితినని ఆయన చెప్పును. ఆమె కార్తేజు పట్టణపు రాణి. ఇనియా అను వీరుడు ఆమెను విడిచి ఓడ ఎక్కి పోగా ప్రాణము తీసికొన్నది. ఆమెకొరకు ఏడ్చిన తాను, దేవునికి దూరమై చచ్చుచున్న తన ఆత్మకొరకు ఏడ్వలేదని అగస్టీను భావము. నాటకశాలలను గూర్చి ఇంకొకటి కూడ అనెను: అక్కడ చూచువానిని ఎవరును సహాయమునకు పిలువరు, దుఃఖపడుటకు మాత్రమే పిలుతురు, ఎంత ఏడ్చిన అంత సంతోషము. పదునారు వందల ఏండ్ల క్రిందటి ఈ మాట మన టెలివిజనుకు సరిగా అమరుచున్నది. సీరియలు చూచుట పాపమని మేము చెప్పబోవుటలేదు. ఆ కన్నీరు మంచి కన్నీరే. అది మడిలోను, వంటింటిలోను ఆగిపోవుచున్నదా, లేక మన వీధిలోని పిల్ల దాక వచ్చుచున్నదా అని మాత్రమే అడుగుచున్నాము.

ఇక వాక్యమునకు వత్తము. తిమ్నాతు పిల్లను గూర్చి మన సండే స్కూలు పిల్లలను అడిగి చూడుడి. సమ్సోను ఎన్ని నక్కలను పట్టెనని అడిగినయెడల మూడు వందలని వెంటనే చెప్పుదురు. ఆ పిల్ల ఏమాయెనని అడిగినయెడల పెద్దలకును తెలియదు. ఆమె పేరైనను గ్రంథములో లేదు. పెండ్లి విందు ఏడు దినములు. ఆ దినములలోనే, విప్పుడుకథ భావము తెలిసికొననియెడల నిన్నును నీ తండ్రి ఇంటివారిని కాల్చివేయుదుమని ఆమె ఊరివారే ఆమెను బెదిరించిరి. ఆమె ఏడ్చి ఏడ్చి భర్తయొద్ద భావము తెలిసికొనెను. సమ్సోను కోపముతో తన తండ్రి ఇంటికి వెళ్లిపోయెను. ఆమెను పెండ్లిలో అతనికి స్నేహితుడుగా నిలిచినవానికి ఇచ్చివేసిరి. కొంతకాలమునకు సమ్సోను కోపము చల్లారి, మేకపిల్లను పట్టుకొని తిరిగి వచ్చెను. తండ్రి అడ్డగించి, ఈమెకంటె అందగత్తెయైన చిన్నదానిని తీసికొనుమనెను. ఒకతె పోయిన మరియొకతె! తరువాత నక్కలు, మంటలు, పంటచేలు కాలుట. కడపట ఫిలిష్తీయులు వచ్చి ఆమెను, ఆమె తండ్రిని అగ్నితో కాల్చిరి. ఆమె మొదట ఏ మంటకు భయపడి ఏడ్చెనో ఆ మంటయే వచ్చెను.

మగవారి పంతముల మధ్య ఆమె కాలిపోయినది. మనము ఆ పాఠమునకు ‘సమ్సోను బలము’ అని పేరు పెట్టితిమి.

నిర్గమకాండము 21వ అధ్యాయము పేదవాని కుమార్తెను గూర్చినది. ఆడపిల్లను అమ్ముట మనకు అసహ్యము, సువార్త వెలుగులో అది పాపము. ఆ కాలపు ఆచారమును మేము సమర్థింపము. అయితే ఆ ఆచారమును దేవుని ధర్మశాస్త్రము ఎట్లు కట్టిపడవేసినదో గమనింపుడి. తనకొరకు ఆమెను ఏర్పరచుకొన్నవాడు ఇష్టపడనియెడల ఆమెను విడిపింపనియ్యవలెను. పరాయివారికి అమ్మివేయుటకు వానికి అధికారము లేదు. కుమారునికొరకు తెచ్చుకొన్నయెడల ఆమెను కుమార్తెగా చూడవలెను. మరియొకతెను చేర్చుకొనినను ఈమె కూడు, గుడ్డ, సంసారధర్మము తక్కువ చేయరాదు. ఇవి చేయనివాడు రూక తీసికొనక ఆమెను విడిచిపెట్టవలెను. ఇందులో ఆమెకేమి తక్కువైనదో విచారింపుమను మాట ఒక్కటియు లేదు. ఎనిమిదవ వచనము వానినే వంచకుడని తేల్చుచున్నది. మడిలో వినబడిన మాటను దీని ప్రక్కను పెట్టి చూడుడి.

తామారు సంగతి అందరికి తెలిసినదే గనుక విస్తరింపము. మామ యూదా తన కడపటి కుమారుడు పెద్దవాడగు వరకు పుట్టింట ఉండుమని పంపి, వాడు పెద్దవాడైనను ఆమెకు ఇయ్యలేదు. “తరువాత చూతము” అని చెప్పి చూడకుండుట మన పెద్దమనుష్యులకు క్రొత్త విద్య కాదు. కడపట ఆమెను కాల్చుడని తీర్పు చెప్పిన యూదాయే తనకంటె ఆమె నీతిగలదని ఒప్పుకొనవలసి వచ్చెను. ఆమెకు వేరొక భర్త దొరకెనని గ్రంథము చెప్పదు. అయితే మత్తయి మొదటి అధ్యాయము మూడవ వచనములో ఆమె పేరు కలదు.

అదే అధ్యాయములో యోసేపు కలడు. ‘ప్రధానము’ అను మాట మన బైబిలులో ఇక్కడ వచ్చును. మన ఇండ్లలోను అదే మాట వాడుచున్నాము గాని బరువులో భేదము కలదు. యూదులలో ప్రధానము జరిగిన పిల్ల భార్యతో సమానము. దానిని తప్పించుటకు పరిత్యాగపత్రిక కావలెను. ప్రధానమైన పిల్ల తప్పిపోయినయెడల ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము ప్రకారము రాళ్లతో కొట్టి చంపవచ్చును. యోసేపునకు దూత ఇంకను కనబడలేదు. తనకు తెలిసినంతలో అతడు మోసపోయినవాడు. ఊరిని పిలిచి పంచాయతి పెట్టుటకు అతనికి కారణము కలదు. అయినను ఆమెను బయట అవమానపరచుటకు అతనికి మనస్సు రాలేదు. మత్తయి అతనిని నీతిమంతుడని పిలుచుట ఈ సందర్భములోనే. దూత వచ్చి చెప్పిన తరువాత అతడు నిద్రమేల్కొని ఆమెను చేర్చుకొనెను.

మనలో జరుగునది దీనికి తలక్రిందులు. ప్రధానము జరుగును, గుడిలో ప్రకటనలు చదువబడును. అటుపిమ్మట మోటారు సైకిలు అనియో, ఇంకొక రెండు తులములనియో, సాగరు ఎడమ కాలువ క్రింద అర ఎకరమనియో అడుగుదురు. పిల్ల తండ్రి తనవలన కాదనును. సంబంధము తప్పును. “మేము డబ్బుకొరకు తప్పించితిమి” అని చెప్పుకొను కుటుంబము ఎక్కడను లేదు గనుక, పిల్లమీద ఒక మాట పుట్టించుదురు. ఫోనులో ఎవరితోనో మాటలాడుచున్నదందురు, జబ్బు ఉన్నదందురు. అదే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, తాను పెండ్లాడిన కన్యకమీద అపనింద వేసినవానికి నూరు వెండి రూకల దండుగ కలదు. ఆ రూకలు ఆమె తండ్రికి చెల్లింపవలెను. పెద్దలు దీనిని సంఘ కమిటీలో చదువుట మంచిది.

దేశపు చట్టము కూడ తెలిసియుండవలెను. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. ఇచ్చుట, పుచ్చుకొనుట మాత్రమే గాక అడుగుట కూడ నేరమే; అడిగినందుకు ఆరు నెలలు మొదలుకొని రెండు సంవత్సరముల వరకు చెర కలదు. “మేము అడుగలేదు, వారే లాంఛనములు పెట్టుదుమనిరి” అను మాటను పెద్దలు తేలికగా నమ్మకూడదు.

ఇక తిరిగి వచ్చువాని ప్రశ్న. ఇది సీరియలు ప్రశ్న మాత్రమే కాదు. ప్రధానము తప్పించిన కుటుంబము, వేరొక చోట కుదరక, ఏడాది తరువాత మేకపిల్లను పట్టుకొన్న సమ్సోను వలె తిరిగి వచ్చుట కలదు. అప్పుడు కాపరిని, పెద్దలను పిలిచి, “క్షమించుమని బైబిలు చెప్పుచున్నది గదా, పిల్లకు చెప్పుడి” అందురు. మా అభిప్రాయము స్పష్టముగా చెప్పుచున్నాము. పెండ్లియైన భార్యాభర్తల సమాధానము వేరు, తప్పిన ప్రధానము వేరు. క్షమించుట ఆ పిల్లకు ప్రభువు ఆజ్ఞ. వానిని పెండ్లాడుట ఆజ్ఞ కాదు. ఆమె క్షమించి “వద్దు” అని చెప్పవచ్చును. క్షమాపణను సాకుగా పెట్టి పిల్లను ఒప్పించు పెద్దలు, తిమ్నాతు తండ్రి వలె ఇంటి చిక్కు తీర్చుకొనుచున్నారేగాని వాక్యము చెప్పుటలేదు. ఆమె ఒప్పుకొన్నయెడల మంచిదే. అయితే ఆమెను ఒంటరిగా, తల్లిదండ్రులు లేని చోట, కాపరి భార్యయైనను స్త్రీల సమాజపు పెద్దయైనను అడిగి తెలిసికొనవలెను.

స్త్రీల కూడికలో ఈ పాఠము నడుపువారు ఆనంది ముచ్చటతో ఆరంభింపవచ్చును, అందరును మాటలాడుదురు. తిమ్నాతు పిల్ల కథ చదివిన తరువాత కొంతసేపు ఊరకుండుడి. ఆ తరువాత ఈ ఒక్కటి అడుగుడి: క్రిందటి రెండు మూడేండ్లలో మన సంఘములో ప్రకటనలు చదివి తప్పిన సంబంధములు ఎన్ని? ఆ పిల్లలలో ఎవరిని మొన్నటి పెండ్లిలో పెండ్లికూతురికి నలుగు పెట్టుటకు పిలిచితిమి? పాటల గుంపులో ముందు వరుసలో నిలిచి పాడినది ఇప్పుడు వెనుక బెంచీలో గోడవైపు కూర్చుండుట ఎవరైనను చూచిరా? పేర్లు అక్కడ చెప్పనక్కరలేదు. కూడిక ముగిసిన తరువాత ఇద్దరు స్త్రీలు ఆ ఇంటికి పోయి, ఆ సంగతి ఎత్తక, ఆమెతో కూర్చుండి టీ త్రాగి రావలెను.