రేఖలలో రాజ్యవిప్లవము

1793 అక్టోబరు 16వ తేదీన పారిస్ నగర వీధులలో ఒక బండి మెల్లగా సాగుచుండెను. అందు కూర్చున్న స్త్రీ ఏడాది క్రిందటి వరకు ఫ్రాన్సు దేశపు మహారాణి. ఆమె పేరు మారీ ఆంత్వానెత్. విప్లవ న్యాయస్థానము మరణశిక్ష విధింపగా ఆమెను వధ్యస్థలమునకు గొనిపోవుచుండిరి. ఆ దారిలో జాక్ లూయీ దావీద్ అను చిత్రకారుడు ఆమెను చూచి, కలముతో కొలది గీతలలో ఆమె రూపమును గీచెను.

1787లో ఇదే రాణిని విజె లెబ్రన్ అను చిత్రకారిణి ఎర్రని మఖమలు దుస్తులలో, బిడ్డల నడుమ చిత్రించియుండెను. ఆ రంగుల పటమునకును ఈ సిరా గీతలకును నడుమ గడచినవి ఆరేండ్లే. ఇందు నగలు లేవు. టోపీ క్రింద కత్తిరించిన జుట్టు. వెనుకకు కట్టబడిన చేతులు. క్రిందికి వ్రాలిన పెదవి కొసలు. వెన్ను మాత్రము నిటారుగా నున్నది.

దావీద్ తటస్థుడు కాడు. శాసనసభ్యుడై, ఆ సంవత్సరము జనవరిలో రాజునకు మరణదండన విధింపవలెనని ఓటు వేసినవాడు. కావున కొందరు ఈ చిత్రమున పరిహాసమునే చూతురు. అది కొంత నిజమే కావచ్చును. కాని ఆ వంగని వెన్నును గీచినదియు ఆ చేయియే గదా! మనస్సు పగబూనినను కన్ను అబద్ధమాడలేదని నాకు తోచును.

1794 జులైలో విప్లవనాయకుడగు రొబెస్పియర్ పతనమయ్యెను. అతని పక్షమువాడగు దావీద్‌కును చెర తప్పలేదు. 1795లో రెండవసారి బంధింపబడినపుడు ఆయన తోటి ఖైదీల రూపములను గుండ్రని చట్రములలో గీచెను. అందొకటి జాంబో సెంతాంద్రె అను మిత్రునిది. నేడది అమెరికాలోని చికాగో చిత్రశాలయందు కలదు. సంకెలలో నుండి గీచినట్లు లాటిన్ భాషలో దానిపై వ్రాసెను.

గుండ్రని చట్రమేల? గ్రీకు రోమను శిల్పముల ఒరవడిని తిరిగి నిలుపవలెనన్నది నాటి నవసాంప్రదాయిక చిత్రకారుల పట్టుదల. రోమను నాణెములపై వృత్తమున, ప్రక్కనుండి చూచిన ముఖము ముద్రింపబడెడిది. బ్రిటిషు వారి కాలపు మన రూపాయి మీద జార్జి చక్రవర్తి ముఖమును అట్టిదే. ప్రభువులకు చెల్లు ఆ గౌరవమును దావీద్ ఒక ఖైదీకి ఇచ్చెను. రాణిని కూడ ప్రక్కముఖముగనే గీచెను గాని, ఆమె చుట్టు ఆ వృత్తము లేదు.

సెంతాంద్రె చేతులు కట్టుకొని యున్నాడు. మన బడులలో అది వినయము. ఆ చిత్రమున అది పంతము. రాణి చేతులను ఇతరులు కట్టిరి. ఇతడు తన చేతులను తానే కట్టుకొనెను.

1795 అక్టోబరులో ప్రకటింపబడిన క్షమాభిక్షతో ఆ ఇరువురి కష్టములు తీరినవి. పిమ్మట రాజులు వలదన్న ఆ మిత్రులిద్దరును నెపోలియన్ కొలువున చేరిరి. దావీద్ ఆ చక్రవర్తి పట్టాభిషేకమును గొప్ప పటముగా చిత్రించెను. సెంతాంద్రె మైన్జ్ నగరమున అధికారిగా నుండి 1813లో మరణించెను.