పీప్ ఎంత ఉండాలి? (పోటీ పరీక్షల ప్రత్యేకం)
వేంపల్లెలో రోగికి ఊపిరి అందకపోతే కడప పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సి రావచ్చు. అక్కడ వెంటిలేటర్ మీద వైద్యులు సరిచేసే అంకెల్లో పీప్ ముఖ్యమైనది. ఊపిరి వదిలిన తర్వాత కూడా వాయుమార్గంలో నిలిపి ఉంచే ఒత్తిడి ఇది. దీన్ని సెంటీమీటర్ల నీటిమట్టంలో కొలుస్తారు. గాలిగదులు ముడుచుకుపోకుండా కాపాడుతుంది. తీవ్ర శ్వాస వైఫల్యం ఉన్న 12 మంది రోగులను వర్ణిస్తూ యాష్‌బా బృందం 1967లో లాన్సెట్‌లో దీని మేలును చూపింది.

అలాగైతే పెంచేకొద్దీ మంచిదే కదా అనే వాదన సహజమే, కానీ ఆధారాలు దాన్ని ఒప్పుకోవు. ఛాతీలో ఒత్తిడి మితిమీరితే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి రక్తపోటు పడిపోతుంది. 2014 నాటి ప్రోవిలో పరీక్షలో పొట్ట కోసి చేసే ఆపరేషన్లలో 900 మందిని పరిశీలించారు. 12 సెంటీమీటర్ల ఒత్తిడి వల్ల ఊపిరితిత్తుల చిక్కులు తగ్గలేదు, రక్తపోటు మాత్రం ఎక్కువమందిలో పడిపోయింది. ఐసీయూ రోగులపై 2017లో జరిగిన ఆర్ట్ పరీక్షలో, ఊపిరితిత్తులను బలవంతంగా తెరిచి పీప్‌ను ఎక్కువగా ఉంచిన వర్గంలో 28 రోజుల్లో మరణాలు 55.3 శాతం, పీప్ తక్కువగా ఉంచిన రెండో వర్గంలో 49.3 శాతం. అయితే పీప్‌ను పూర్తిగా వదిలేయవచ్చా? వద్దు. శ్వాస వైఫల్యం తీవ్రమైనవారికి ఎక్కువ పీప్ మేలు చేయవచ్చని 2010 నాటి సమగ్ర విశ్లేషణ సూచించింది. నా దృష్టిలో, ఒక్కో శ్వాసకు పంపే గాలిని తగ్గించడం దీనికన్నా బలమైన పాఠం: 2000 నాటి పరీక్షలో అంచనా శరీర బరువు కిలోకు 6 మిల్లీలీటర్ల పద్ధతి మరణాలను 39.8 నుంచి 31 శాతానికి దించింది.