లక్కమ్మ తిప్పి పంపిన బియ్యము
(గృహశుద్ధికి ఒక పాఠము)

12వ శతాబ్దమున కల్యాణపట్టణమునకు నలుదిక్కులనుండి శరణులు వచ్చి చేరిరి. వారిలో అమరేశ్వరమునుండి వచ్చిన మారయ్య, లక్కమ్మ అను దంపతులు ఒకరు. బసవేశ్వరుని మహామనె ముంగిట నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట మారయ్య చేపట్టిన కాయకము. కన్నడమున ‘ఆయ్దు’ అనగా ఏరి, ‘అక్కి’ అనగా బియ్యము. అందుచేతనే వారికి ఆయ్దక్కి మారయ్య, ఆయ్దక్కి లక్కమ్మ అను పేర్లు నిలిచినవి. ఆ బియ్యముతోనే లక్కమ్మ వంట చేసి, జంగమదాసోహము నడపి, పిమ్మట ప్రసాదమును స్వీకరించుచుండెడిది.

ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లోకరీతి నాలోచించినచో ఇల్లాలు సంతోషింపవలసిన దినమది. రేపటికి కొంత, వానకాలమునకు కొంత దాచుకొనవచ్చును గదా! లక్కమ్మ సంతోషింపలేదు. నాటి దాసోహమునకు చాలినదానికి మించినది ఇంటికి వచ్చినచో అది ఆశయే యగునని భర్తకు తెలియజెప్పి, ఎక్కువైన బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మనెను. మారయ్య ఆ మాటను శిరసావహించెను.

ఈ వృత్తాంతమున గమనింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. మారయ్య దొంగిలింపలేదు. ఎవరి నోటి కూడును తీయలేదు. నేలపాలగు గింజలనే ఏరెను. బియ్యము మంచిదే, ఏరుట మంచిదే. తప్పినది కొలత యొక్కటే. మంచి వస్తువైనను, ధర్మముగా వచ్చినదైనను, అక్కరకు మించి ఇంట నిలిచినచో అది బరువగునని లక్కమ్మ గ్రహించినది. శరణుల అసంగ్రహబోధ యంతయు ఆ చేటెడు బియ్యములో ఇమిడియున్నది.

నేటి మన గృహములు

లక్కమ్మ నేటి ఇంటి అటకపైకి ఎక్కి చూచినచో ఏమి కనబడును? మూతలు లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు, సొట్టలు పడిన ఇత్తడి బిందెలు, మూడు తరముల బొంతలు, పిల్లలు ఎప్పుడో చదివి విడిచిన పాఠ్యపుస్తకములు, గడచిన ఏండ్ల పంచాంగములు, ఎవరెవరివో పెండ్లి శుభలేఖలు, పనిచేయని సెల్‌ఫోన్ ఛార్జర్లు, సంచిలో సంచి కుక్కిన ప్లాస్టిక్ సంచులు. వీనిలో ఏ ఒక్కటియు పాపపు సొమ్ము కాదు. అన్నియు ఎప్పుడో ఒకప్పుడు అక్కరకు వచ్చినవే. అయినను నేడు అవి గృహస్థుని సేవించుట లేదు. గృహస్థుడే వానిని సేవించుచున్నాడు. దుమ్ము దులుపుట, జరుపుట, వెదకుట, వెదకినది దొరకక మరల కొనుట, ఇదియంతయు ఆ సేవయే.

ఒక గృహమును ఉదాహరణముగా తలచుకొందము. ఇంటి పెద్దాయన శివైక్యమై మూడేండ్లయినది. ఆయన గది నాటినుండి సామానుగదిగా మారినది. సంవత్సరీకమునాడు జంగమయ్య ఇంటికి విచ్చేయగా, పీట వేయుటకు తగిన చోటు ఇంట ఎక్కడను లేకపోయినది. కోడలు మూటలను ప్రక్కకు నెట్టి, తలుపు వెనుక చాప పరచినది. జంగమయ్య ఏమియు అనలేదు. కాని ఆ రాత్రి అత్తగారికి, కోడలికి నిద్ర పట్టలేదు. అతిథిజంగమునకు చోటు లేని ఇంట దాసోహమునకు చోటెక్కడిది?

మనస్సు ఏల కదలదు?

ఆ కోడలు సోమరి కాదు. భోగి పండుగకు ముందు ఒకనాడు నడుము బిగించి గది యంతయు బయట పడవేసినది. మధ్యాహ్నమునకు వాకిలి నిండినది. సాయంకాలమునకు చేతులు పడిపోయినవి. చీకటి పడువేళకు ఏది ఉంచవలెనో, ఏది తీయవలెనో తోచక, అంతయు మరల లోపలికి చేర్చినది. నాటినుండి ఆ గది తలుపు తీయవలెనన్న భయమే.

ఇట్టి నిరుత్సాహమునకు కారణములు ముఖ్యముగా నాలుగు. మొదటిది పని యొక్క పరిమాణము: కొండను ఒక్కసారిగా ఎత్తబోయినవానికి నడుము నొప్పియే మిగులును. రెండవది ఆశ: ఎప్పటికైనను పనికివచ్చునను తలంపు. మూడవది భయము: తీసివేసిన మరునాడే దానితో అవసరము పడునేమో యను శంక. నాలుగవది మమకారము: వస్తువును విడిచినచో మనిషినే విడిచినట్లగునను వేదన. మొదటి మూడింటిని బుద్ధిచేత గెలువవచ్చును. నాలుగవదానిని ఓర్పుచేతనే గెలువవలెను.

వీనికి తోడు మరొక పొరపాటు కలదు. ఉత్సాహము ముందు కలుగవలెను, పిమ్మట పని మొదలిడవలెనని అనేకులు ఎదురుచూతురు. శరణుల మార్గము దీనికి విరుద్ధము. అనుభవమంటపమున శివానుభవగోష్ఠిలో మునిగి మారయ్య ఒకప్పుడు కాయకమును మరచియుండగా, లక్కమ్మయే వేళ మించుచున్నదని ఆయనను హెచ్చరించి పంపినట్లు చెప్పుదురు. మనస్సు కలిగినదా లేదా యని ఆమె అడుగలేదు. వేళయైనది, లేవవలెను, అంతే. మారయ్యయు కాయకమును కైలాసముతో సమముగా ఎంచినవాడే. చేయి కదలినచో మనస్సు దాని వెంట వచ్చును; మనస్సుకొరకు చేయి కాచుకొనియున్నచో రెండును కదలవు.

గడియసేపు కాయకము

గడియ యనగా 24 నిమిషములు. ప్రతిదినము ఇష్టలింగపూజ ముగిసిన పిమ్మట ఒక్క గడియ మాత్రము గృహశుద్ధికి కేటాయించినచో, 30 దినములకు 12 గంటల పని జరుగును. ఒక్కనాడు 12 గంటలు శ్రమించు శక్తి ఎందరికి కలదు? కూర్చుండి తిన్నచో కొండలైనను తరుగునని పెద్దలు సోమరులను గూర్చి చెప్పిరి. నిలిచి గడియసేపు పనిచేసినచో అటకపైని కొండయు అట్లే తరుగును. దీనికి కొన్ని నియమములు పాటించుట మేలు.

1. చిన్న చోటు ఎన్నుకొనవలెను. గది కాదు, బీరువా కాదు. ఒక్క సొరుగు, ఒక్క గూడు, ఒక్క డబ్బా. మొదలుపెట్టినది నాడే ముగియవలెను. ముగిసిన పనియే మరునాటి ఉత్సాహమునకు విత్తనము.

2. మమకారము లేని చోట మొదలిడవలెను. వంటింటి గూటిలోని మూతలు, గడువు మీరిన మందులు, చిరిగిన సంచులు మొదట తీయవలెను. ఛాయాచిత్రములు, ఉత్తరములు, గతించినవారి వస్త్రములు కడపటికి ఉంచవలెను.

3. ప్రతి వస్తువును చేతబట్టి లక్కమ్మ ప్రశ్న వేయవలెను: ‘ఇది నేటి కాయకమునకు, దాసోహమునకు పనికివచ్చుచున్నదా?’ అవునన్నచో తన స్థానమున ఉంచవలెను. కాదన్నచో ఇచ్చుటయో, అమ్ముటయో, పారవేయుటయో నిర్ణయింపవలెను. తోచనిచో ఒక పెట్టెలో ఉంచి, పైన తేదీ వ్రాసి, ఆరు నెలలు చూడవలెను. అంతవరకు ఆ పెట్టెను తెరువనక్కర కలుగకున్నచో జవాబు దానంతట అదే తెలియును.

4. తీసినది నాడో మరునాడో గడప దాటవలెను. గదినుండి వరండాకు, వరండానుండి మేడమెట్ల క్రిందికి జరిగిన మూట ఇల్లు విడిచినట్లు కాదు.

5. గడియ ముగియగానే ఆపవలెను. ఓపిక ఉన్నను ఆపవలెను. ఆకలి కొంత మిగిలియుండగా విస్తరిముందునుండి లేచినవాడు మరుపూటకు ఉత్సాహముతో కూర్చుండును.

6. ఒకరి వస్తువును వేరొకరు తీయరాదు. అత్తగారి పెట్టెను అత్తగారే తెరువవలెను. పిల్లల పుస్తకములను పిల్లలచేతనే ఏరించవలెను. బలవంతముగా తీసిన వస్తువు చోట కోపము వచ్చి నిలుచును.

దాసోహము, పారవేత

ఇంటినుండి తీసిన ప్రతిదియు దాసోహము కాదు. చిరిగిన చీరను, సొట్టపడి కారు గిన్నెను బీదవానికి ఇచ్చి దానము చేసితిమనుకొనుట ఆత్మవంచన. దాసోహమునందు ఇచ్చువాడు దాసుడు, పుచ్చుకొనువాడు శివస్వరూపుడు. కావున ఇచ్చు వస్త్రమును ఉతికి, గుండీలు కుట్టి, మడచి ఇవ్వవలెను. పాఠ్యపుస్తకములను ఆ తరగతి చదువు పిల్లలకు అందునట్లు వేళకు ఇవ్వవలెను. ఇత్తడిని, ఇనుమును తూకమునకు అమ్మి, ఆ పైకమును అన్నదాసోహమునకు వినియోగింపవచ్చును. గడువు మీరిన మందులను ఎవరికిని ఇవ్వరాదు. భోగిమంటలో పాత కట్టెసామాను వేయుట మన ఆచారమేగాని, ప్లాస్టిక్, రబ్బరు వస్తువులను అందు వేయుట తగదు; ఆ పొగ పసిబిడ్డలకును, వృద్ధులకును హాని చేయును.

వచ్చు ద్వారమును మూయక పోవు ద్వారమును మాత్రమే తెరచినందున ప్రయోజనము లేదు. వైశాఖ శుద్ధ తృతీయ బసవజయంతి. అదే దినము అక్షయతృతీయ యగుటచే, ఆనాడు ఏదైన కొని ఇంట చేర్చవలెనను తొందర వ్యాపించినది. బిజ్జలుని భండారమును చేతబట్టియు తనకై దాచుకొనని మహనీయుని జయంతినాడు, ఇంటికి క్రొత్తది చేర్చుటకు ముందు ఇంటినుండి ఒకటి ఇచ్చు నియమము పెట్టుకొన్నచో, ఆ జయంతి సార్థకమగును.

మఠములకును ఈ పాఠము వర్తించును. భక్తులు కప్పిన శాలువలు, సమర్పించిన జ్ఞాపికలు, స్టీలు పాత్రలు బీరువాలలో నిండియుండుట భక్తికి గుర్తేగాని, శాలువ శీతకాలమున ఒక వృద్ధుని భుజముపై ఉన్నప్పుడే ఆ భక్తి ఫలించును.

వెంట వచ్చునది

అక్కమహాదేవి సమస్తమును విడిచి శ్రీశైల కదళీవనమునకు నడచినది. గృహస్థులందరును అట్లు చేయవలెనని శరణులు చెప్పలేదు. లక్కమ్మ ఇల్లు విడువలేదు, పొయ్యి ఆర్పలేదు. ఇంటనే ఉండి కొలతను కాపాడినది. గృహిణికి, గృహస్థునికి అనుసరణీయమైన మార్గమిది.

మన ఉదాహరణములోని కోడలు గడియ నియమమును వంటింటినుండి మొదలిడినది. మొదటి దినమున మూతలు మాత్రమే ఏరినది. వారము గడచునప్పటికి గూళ్లు కనబడినవి. నెల దాటునప్పటికి ఆమె మామగారి గదిలోనికి ప్రవేశించినది. ఆయన ట్రంకుపెట్టెను మాత్రము తాకలేదు. అత్తగారు గడపలో కూర్చుండి దినదినము చూచుచుండెను. ఒకనాడు ఆమెయే లేచి వచ్చి, “పెట్టె ఇటు జరుపమ్మా” అన్నది.

“తొందరలేదు అత్తయ్యా, అది అట్లే ఉండనిండు” అని కోడలు.

“మూడేండ్లనుండి అట్లే ఉన్నది. ఆయన చలికి ఓర్వలేకపోయెడివారు. ఈ రగ్గులు పెట్టెలో పడియుండుట ఆయనకు ఇష్టమగునా?”

రగ్గులు, చొక్కాలు ఎండకు ఆరినవి, మడతలు పడినవి, అక్కర కలవారికి చేరినవి. కంటి అద్దములు, నిత్యము చదివిన పూజాపుస్తకము ఇంట నిలిచినవి. స్మృతికి అవి చాలినవి.

వీరశైవుడు లింగైక్యమైనప్పుడు దేహమును కూర్చుండబెట్టి ఇష్టలింగముతోడనే సమాధి చేయుట సంప్రదాయము. ఇంటినిండ ఉన్న వస్తువులలో వెంట వచ్చునది ఆ ఒక్కటియే. అదియు జీవితకాలమంతయు శరీరముపైననే ఉన్నది, దానికి అటక అక్కరలేదు. ఈ సత్యమును ఆ అత్తగారు భర్త సమాధికడ కన్నులార చూచియుండెను. ఆ పెట్టె తెరచుటకు మాత్రము ఆమెకు మూడేండ్లు పట్టినది. ఎవరును తొందరపెట్టకుండుటచేతనే అది సాధ్యమైనది.

మరుసటి సంవత్సరీకమునాడు ఆ గదిలో, కిటికీ ప్రక్క వెలుతురులో, జంగమయ్యకు పీట వేసిరి.

మననమునకు ప్రశ్నలు

1. లక్కమ్మ తిప్పి పంపిన బియ్యము ధర్మార్జితమే యైనను ఆమె ఏల అంగీకరింపలేదు?
2. దాసోహమునకును, పారవేతకును భేదమేమి?
3. మీ ఇంట నేడు గడియసేపు కాయకమునకు ఏ సొరుగును ఎన్నుకొందురు?

మూడవ ప్రశ్నకు జవాబు కాగితముపై వ్రాయనక్కరలేదు. రేపటి లింగపూజ ముగిసిన వెంటనే లేచి, ఆ సొరుగును తెరచినచో చాలును.

శరణు శరణార్థి.