మర అరిగితే ఏం చేయాలి?

జొన్నలు మర పట్టించారు. పిండి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. మాడు వాసన వస్తోంది. పలుకుపలుకుగా ఉంది. రొట్టె తడితే అంచులు పగులుతున్నాయి. తప్పు జొన్నలదా? కాదు. మరది.

మర అరిగింది. కొన్ని ఊళ్ళలో మరను గిర్ని అంటారు. పేరు ఏదైనా అరుగుదల ఒకటే.

మహిళా సంఘాలు కూడా మరలు పెట్టుకుంటున్నాయి. మర చెడితే మెకానిక్కు వస్తాడు. "మొత్తం మార్చాలమ్మా" అంటాడు. నిజంగా మొత్తం మార్చాలా? ఏది అరిగిందో తెలిస్తే మనమే అడగగలం.

మర లోపల ఏముంది?

రెండు గుండ్రని రాళ్ళు ఉంటాయి. ఒకటి కదలదు. రెండోది తిరుగుతుంది. తిరిగే రాయిని ఇరుసు తిప్పుతుంది. దీన్నే షాఫ్టు అంటారు. ఇరుసు బేరింగుల మీద తిరుగుతుంది. అరిగేవి ఈ మూడే: రాయి, బేరింగు, ఇరుసు. మూడింటికీ మందు ఒకటి కాదు.

ముందు జాగ్రత్త

స్విచ్చి ఆపండి. మెయిన్ ఫ్యూజు తీసి మీ దగ్గరే ఉంచుకోండి. బెల్టు విప్పండి. ఆ తర్వాతే మర మీద చెయ్యి వేయండి. కొంగు నడుముకు బిగించండి. జడ ముడి వేసుకోండి. తిరిగే బెల్టుకు చీర కొంగు అందితే ప్రాణం పోతుంది.

రాయి అరిగితే

రాయి మీద గాడులు ఉంటాయి. గింజ నడుమ పడుతుంది. గాడి వెంట అంచుకు పోతూ నలుగుతుంది. గాడి నడుమ లోతుగా, అంచు దగ్గర పైపైన ఉండాలి. అది అరిగి నున్నబడితే గింజ జారుతుంది. అప్పుడు మర నడిపేవాళ్ళు రాళ్ళను ఇంకా దగ్గరికి బిగిస్తారు. రాయి రాయీ ఒరుసుకుంటాయి. పిండి వేడెక్కుతుంది. కరెంటు ఖర్చూ పెరుగుతుంది.

దీనికి మందు కక్కు కొట్టడం. మన తిరగలికి కొట్టించినట్టే.

రాయి బరువు. ఇద్దరు ముగ్గురు కలిసి దించండి. నెర్రె ఉందేమో చూడండి. నెర్రె ఉంటే ఆ రాయి మళ్ళీ బిగించవద్దు. తిరిగేటప్పుడు పగిలి ముక్కలు ఎగురుతాయి.

వంకర లేని చెక్కబద్దకు తడి ఎర్రమన్ను పూయండి. రాయి మీద అటూ ఇటూ జరపండి. ఎత్తుగా ఉన్న చోటే ఎరుపు అంటుతుంది. ఆ ఎత్తును ఉలితో కొట్టి సమం చేయాలి. తర్వాత పాత గాడి వెంటే గాడి తీయాలి. కొత్త దారి పెట్టరాదు.

రెండు రాళ్ళనూ వెల్లకిలా పక్కపక్కన పెట్టి చూడండి. గాడులు ఒకే వైపు వాలి ఉండాలి. అప్పుడే ఎదురెదురుగా బిగిస్తే కత్తెర అంచుల్లా ఒకదాన్నొకటి దాటుతాయి.

కక్కు కొట్టేవాళ్ళు కళ్ళకు అద్దాలు, ముక్కుకు మాస్కు పెట్టుకోవాలి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే నయం కాని జబ్బు వస్తుంది. పని అయ్యాక రాళ్ళను బాగా తుడవండి. మొదట పట్టిన పిండిలో రాతి పొడి ఉంటుంది. దాన్ని పారబోయండి. పశువులకూ పెట్టవద్దు.

బేరింగు అరిగితే

బెల్టు విప్పాక ఇరుసును చేత్తో తిప్పండి. గరగర అంటోందా? గింజ పడినట్టు పట్టి పట్టి తిరుగుతోందా? బేరింగు పోయింది. దీన్ని బాగుచేయలేం. కొత్తది వేయాలి.

ఇక్కడే మన చదువు పనికొస్తుంది. బేరింగు మీద నంబరు ఉంటుంది. 6206 అని ఉందనుకోండి. చివరి రెండు అంకెలు 06. ఆరును 5తో హెచ్చవేయండి. 30 వస్తుంది. అంటే ఇరుసు లావు 30 మిల్లీమీటర్లు. చివరి అంకెలు 04 గాని, అంతకన్నా ఎక్కువ గాని ఉంటే ఈ లెక్క సరిపోతుంది.

కాని నంబరు మొత్తం రాసుకోండి. 6208, 6308 రెండింటికీ లోపలి కొలత 40 మిల్లీమీటర్లే. వెలుపలి కొలత మాత్రం 6208కి 80, 6308కి 90. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు.

ఇరుసు అరిగితే

కొత్త బేరింగు ఇరుసుకు బిగుతుగా ఎక్కాలి. వేలికి ఉంగరంలా వదులుగా జారితే ఇరుసు అరిగినట్టే. కొందరు ఇరుసు మీద సుత్తితో గాట్లు పెట్టి బిగిస్తారు. అది నాలుగు రోజుల ముచ్చట. లేత్ మిషను షాపుకు తీసుకుపోండి. అరిగిన చోట వెల్డింగుతో లోహం నింపుతారు. మళ్ళీ పాత కొలతకు చెక్కుతారు. ఇరుసు నిలుస్తుంది.

ఇకమీదట ఎవరైనా "మొత్తం మార్చాలి" అంటే అడగండి: "రాయా? బేరింగా? ఇరుసా? విప్పి చూపించు."

జవాబులు రాయండి

1. పిండి వేడిగా రావడానికి కారణం ఏమిటి?
2. నెర్రె ఉన్న రాయిని ఎందుకు బిగించకూడదు?
3. బేరింగు నంబరు 6207. ఇరుసు లావు ఎన్ని మిల్లీమీటర్లు?
4. మీ ఊరి మర బేరింగు నంబరు అడిగి ఇక్కడ రాయండి: ..........