పక్క షాట్ చూసుకోండి

ఉప్పల్ రింగ్ రోడ్డుకు కాస్త ఇవతల, ఒక మొబైల్ రిపేరు దుకాణం పైఅంతస్తులో మా మేనల్లుడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాడు. ఇరుకు గది. రెండు మానిటర్లు, ఒక కూలరు, పెళ్లి తేదీలు రాసి అతికించిన హార్డ్ డిస్కులు. ఈమధ్య వెళ్లినప్పుడు వాడు ఒక షాట్ దగ్గర ఆగి ఉన్నాడు. పెళ్లికూతురి తండ్రి షామియానా కింద నిలబడి ఎటో చూస్తున్నాడు. ముఖంలో ఏ భావమూ లేదు. పెదవులు మాత్రం కొద్దిగా కదులుతున్నాయి.

"ఏం చేస్తున్నాడురా ఆయన?" అన్నాను.

"టెంట్‌హౌస్ కుర్చీలు లెక్కపెడుతుండు మామా."

ఆ ఏడు సెకన్ల ముక్కను వాడు లాక్కెళ్లి, అప్పగింతలు అయిపోయి కారు కదిలిపోయే షాట్ వెనకాల పెట్టాడు. మళ్లీ వేసి చూపించాడు. నా గొంతులో ఏదో అడ్డం పడింది. మనిషి అతనే, కుర్చీల లెక్కా అదే. కానీ ఇప్పుడతను బిడ్డను పంపించి ఒంటరిగా మిగిలిన తండ్రి.

సినిమావాళ్లు దీన్ని కులెషోవ్ ఎఫెక్ట్ అంటారు. సుమారు వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు మొజ్జుఖిన్ అనే నటుడి ముఖాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, ఇంకోసారి శవపేటిక పక్కన అతికించి చూపించాడు. చూసినవాళ్లు ఆ నటుడి ఆకలినీ దుఃఖాన్నీ తెగ మెచ్చుకున్నారని చెబుతారు. రెండుచోట్లా ముఖం ఒక్కటే.

ఇప్పుడు మీ ఆఫీసుకు రండి. వరండాలో మేనేజరు ఎదురయ్యాడు, నమస్తే పెట్టారు, ఆయన పలకలేదు. మధ్యాహ్నానికల్లా మీ ఉద్యోగం పోయినట్టే మీకు అనిపిస్తుంది. ఆయన ముఖంలో నిజానికి ఏమీ లేదు. దానికి ముందు షాట్ మీ తలలోది: నిన్న మీరు పంపిన తప్పుల రిపోర్టు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి కోపాన్ని పుట్టించింది మీరే. ఆయన బహుశా ఇంట్లో వాటర్ ట్యాంకరు వచ్చిందో లేదో అని ఆలోచిస్తున్నాడు. ఈసారి ఎవరి ముఖమైనా చూసి మనసు కలుక్కుమంటే ఒక్క క్షణం ఆగి, దానికి ముందు నేను ఏ షాట్ అతికించాను అని అడగండి. అప్పటికీ అనుమానం తీరకపోతే నేరుగా వెళ్లి ఆయన్నే అడిగేయండి. ఊహించుకోవడం కంటే అది చవక.

మన పాత సినిమాల టైటిల్స్‌లో ఎడిటర్ పేరు దగ్గర వేసే మాట కూర్పు. కోత అని వెయ్యలేదు. ఆ మాట ఎంచుకున్నవాళ్లకు పని లోతు తెలుసు. వ్యక్తిత్వ వికాసం తరగతుల్లో మాత్రం పొద్దస్తమానం కోతే: స్నేహితుల్ని తగ్గించుకోండి, నిద్ర తగ్గించుకోండి, మాట తగ్గించుకోండి. తగ్గించడమే గొప్పయితే నాచారంలో స్టూడియో కట్టిన ఎన్టీ రామారావు ఎక్కడ నిలబడతారు? ఆయన దర్శకత్వంలో 1977 జనవరి 14న వచ్చిన దాన వీర శూర కర్ణ నాలుగు గంటలకు కాస్త అటూఇటూ ఉంటుంది. మూడు వేషాలు ఆయనవే. కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలు పేజీలకు పేజీలు. జనం కదలకుండా కూర్చున్నారు, ఆ డైలాగుల్ని ఏళ్లపాటు పెళ్లి పందిళ్లలో మైకుల్లో వేయించుకున్నారు. మన ప్రేక్షకుడు నిడివిని తిట్టడు, ల్యాగ్‌ను తిడతాడు. రెండు నిమిషాల మాటలో కూడా ల్యాగ్ ఉండొచ్చు.

ఆ ల్యాగ్ ఎక్కడుంటుందో నాచారం పారిశ్రామికవాడలో సూపర్‌వైజరుగా ఉన్న నా స్నేహితుడికి బాగా తెలుసు. ఎందుకు లేటైంది అని అడిగితే ఒక కుర్రాడు పొద్దున పాలప్యాకెట్ రాకపోవడం దగ్గర ఎత్తుకుంటాడట. అక్కడి నుంచి చెల్లెలి బస్ పాసు, మల్లాపూర్‌లో ట్రాఫిక్, చివరికెప్పుడో పంక్చరు. ఎడిటర్లు చేసే పని ఏమిటంటే, సీన్‌లోకి ఎంత ఆలస్యంగా వెళ్లొచ్చో అంత ఆలస్యంగా వెళ్లడం, అవగానే బయటపడటం. "బండి పంక్చరైంది సార్. నలభై నిమిషాలు పోయినయ్. సాయంత్రం ఉండి పూర్తి చేస్తా." మూడు షాట్లు, సీను అయిపోయింది. 1979లో వచ్చిన అపోకలిప్స్ నౌ సినిమాకు తెరమీద కనిపించే ఒక్కో నిమిషానికి దాదాపు 95 నిమిషాల ఫిల్మ్ తీశారు. ఆ తీసినదంతా చూపించాలని వాళ్లు పట్టుబట్టలేదు. ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అన్నప్పుడు మీరూ పట్టుబట్టకండి. పుట్టిన ఊరు, పదో తరగతి మార్కులు ఎదుటివాడి చేతిలోని కాగితంలోనే ఉన్నాయి. (ఇంట్లో తాతయ్యలకు ఈ నియమం వర్తించదు. వాళ్లను మొదటి నుంచీ చెప్పనివ్వండి.)

ఇక నన్ను బాగా ఇబ్బంది పెట్టిన కట్ గురించి. శబ్దం, బొమ్మ ఒకేసారి మారాలని లేదు. తర్వాతి సీను శబ్దం ముందే వినిపిస్తే అది జె-కట్. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే మీరు రోజూ వింటున్నదే: కిటికీలో ఇంకా ఎన్‌జీఆర్‌ఐ చెట్లు కనిపిస్తుంటాయి, చెవిలో అప్పుడే తర్వాతి స్టేషను హబ్సిగూడ అని వచ్చేస్తుంది. దీనికి తిరగేసి ఎల్-కట్. బొమ్మ మారిపోతుంది, పాత సీను గొంతు మాత్రం కొత్త సీను మీద సాగుతూనే ఉంటుంది. తెరమీద చాలా అందంగా ఉంటుంది. ఇంట్లో అలా కాదు. ఒక సాయంత్రం మా అమ్మాయి లెక్కల నోట్‌బుక్ తెచ్చి చూపిస్తే, తలెత్తకుండా "ఇదీ ఒక పనేనా?" అన్నాను. పిల్ల నోట్‌బుక్ మూసేసి వెళ్లిపోయింది. అన్నం తినేటప్పుడు గుర్తొచ్చింది, ఆ మాట నాది కాదు. అప్పట్లో నేను పనిచేసేచోట ఆ మధ్యాహ్నం ఒక పెద్దమనిషి నాతో అన్నది. మాట తేడా లేకుండా, అదే విరుపుతో, నా నోట్లోంచి వచ్చింది. ఆరు గంటల కిందటి సీను ఆడియో మా ఇంటి సీను మీద పడింది.

అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. మెట్రో దిగాక నేరుగా ఇంటికి పోను. 2023లో ఉప్పల్ చౌరస్తాలో తెరిచిన స్కైవాక్ మీద ఒక చుట్టు నడుస్తాను. కింద బస్సులు, ఆటోలు, వరంగల్ అని అరిచే కండక్టర్లు. ఆ గోలలో ఆఫీసు గొంతు మునిగిపోయేదాకా నడిచి, ఆ తర్వాతే మెట్లు దిగుతాను. ఐదారు నిమిషాలు పడుతుంది. మీకు స్కైవాక్ అక్కర్లేదు, ఇంటి ముందు బండి ఆపుకుని రెండు నిమిషాలు దానిమీదే కూర్చున్నా చాలు. ఫోను తియ్యకూడదు, అంతే.

ఇంటి గొడవల సంగతికొస్తే, వాల్టర్ మర్చ్ అనే అమెరికన్ ఎడిటర్ ఒక లెక్క చెప్పాడు. ఏ కట్ మంచిదో తేల్చడానికి ఆయన భావోద్వేగానికి 51 మార్కులిచ్చాడు, కథకు 23, లయకు 10. చూపు ఎటు పోతోంది, మనిషి తెరమీద ఎక్కడున్నాడు, గదిలో ఎక్కడున్నాడు అనే మూడింటికీ కలిపి 16. ఏదైనా వదులుకోవాల్సి వస్తే కిందనుంచి వదులుకుంటూ రమ్మన్నాడు. భార్యాభర్తలం మనం పైనుంచి వదులుకుంటూ వస్తాం. "నువ్వన్నది మంగళవారం", "కాదు బుధవారం, ఆ రోజు మీ అన్నయ్య వచ్చాడు" అని గంటసేపు ఆ 16 మార్కుల కోసం కొట్టుకుంటాం. ఆ మాటకు ఎదుటి మనిషి నొచ్చుకున్నదన్న 51 మార్కుల సంగతి ఎవరికీ పట్టదు. మంగళవారమే కానివ్వండి, పోయేదేముంది?

మర్చ్ ఇంకొకటి గమనించాడు. 1974 నాటి ద కాన్వర్సేషన్ ఎడిట్ చేస్తుంటే, తాను కట్ చెయ్యాలనుకున్న చోటికి దగ్గర్లోనే నటుడు జీన్ హాక్‌మన్ రెప్ప వేస్తున్నాడట. ఒక ఆలోచన ముగిసినచోట మనిషి రెప్ప పడుతుందని ఆయన లెక్క. ఎదుటివాళ్ల మాటకు అడ్డంపడే అలవాటున్నవాళ్లు ఒకరోజు ఇది ప్రయత్నించండి: వాళ్ల రెప్ప పడేదాకా నోరు తెరవకండి.

రష్, అంటే కట్ చెయ్యకముందు తీసిందంతా, వేసి చూసుకోవడం కూడా ముఖ్యమే. వాయిస్ మెసేజ్ పంపేముందు మీరే ఒకసారి వినండి. సగం డిలీట్ చేస్తారు. ఇతరుల తప్పుల్ని రోజూ గంటల తరబడి చూసినవాళ్లు ఎంత దూరం వెళతారో మన దగ్గరే రుజువులున్నాయి. ఆదుర్తి సుబ్బారావు ఎడిటింగ్ బల్ల దగ్గరి నుంచే దర్శకుడయ్యారు. రాజమౌళి కోటగిరి వెంకటేశ్వరరావు దగ్గర ఎడిటింగ్ నేర్చుకున్నారు.

తీసేసినదాన్ని పారెయ్యకండి. రీళ్ల కాలంలో ప్రతి ముక్కా చేతికి తగిలేది. సెకనుకు 24 ఫ్రేములు, అడుగుకు 16. మా వాడి ఏడు సెకన్ల తండ్రి అప్పట్లో అయితే పదిన్నర అడుగుల ఫిల్మ్. కత్తిరించిన ముక్కల్ని మేకులకు వేలాడదీసి, లోపల గుడ్డ పరిచిన పెద్ద డబ్బాలోకి వదిలేవాళ్లు, రేపు అక్కరకొస్తాయని. మధ్యలో మానేసిన కోర్సు, వదిలేసిన ఉద్యోగం, సగంలో ఆగిన హార్మోనియం, వాటినీ అలాగే వేలాడదియ్యండి. పనికిరాని షాట్ అని నేను కూడా ఆ కుర్చీల ముక్కను తీసెయ్యమనే అన్నాను. మా వాడు వినలేదు.

"గిది తీసేస్తే పెండ్లిల తండ్రే ఉండడు మామా," అన్నాడు.

పోయిన నెల ఆ పెళ్లికూతురి తండ్రి దుకాణానికి వచ్చి ఆ గదిలోనే కూర్చుని వీడియో మొత్తం చూశారట. ఆ షాట్ దగ్గర "నేనప్పుడు కుర్చీలే లెక్కపెట్టిన కదా బాబూ" అన్నారట. కాసేపాగి, ఇంకో పెన్‌డ్రైవ్ ఇమ్మని అడిగి పట్టుకెళ్లారు.