మిస్‌ఫైర్ కోడ్ వచ్చింది సరే... మార్చాల్సిన పార్ట్ ఏది?

కారు సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ సన్నగా వణుకుతుంది. ఆర్పీఎం ముల్లు ఒకచోట నిలబడదు. డ్యాష్‌బోర్డ్‌లో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. ఇప్పుడు చాలామంది ఏం చేస్తున్నారంటే, ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరికే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ తెప్పించి, ఫోన్‌లో యాప్ వేసుకుని, వచ్చిన కోడ్‌ని సెర్చ్ చేసి, మొదటి రిజల్ట్‌లో కనిపించిన పార్ట్ కొనేస్తున్నారు. ఆ చివరి పని చేసేముందు కాస్త ఆగండి. క్రాష్ లాగ్‌లో ఎక్సెప్షన్ ఏ లైన్‌లో పడిందో కనిపిస్తుంది, కానీ బగ్ అక్కడే ఉందని గ్యారెంటీ లేదు కదా. కారు కోడ్ కూడా అంతే.

ముందు స్కానర్ సంగతి. అమెరికాలో 1996 మోడల్ నుంచి, మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి. స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర చెయ్యి పెట్టి వెతికితే 16 పిన్నుల సాకెట్ తగులుతుంది. చవక స్కానర్లలో ఎక్కువ శాతం ఈఎల్‌ఎం327 చిప్‌కి నకళ్లే. కోడ్ చదవడానికి అవి చాలు, లైవ్ డేటా మాత్రం కొంచెం నెమ్మదిగా వస్తుంది. ఐఫోన్ వాడేవాళ్లు ఒకటి చూసుకోవాలి: పాత రకం బ్లూటూత్ స్కానర్లు ఐఫోన్‌లోని యాప్‌లతో కలవవు. బ్లూటూత్ లో ఎనర్జీ ఉన్నదో, వైఫై ఉన్నదో తీసుకోండి.

కారుకి ఎలా తెలుస్తుంది?

సిలిండర్ లోపల పెట్రోల్ మండిందా లేదా అని చూసే కెమెరా ఏదీ ఉండదు. క్రాంక్‌షాఫ్ట్ పక్కన ఒక సెన్సర్ ఉంటుంది, అది షాఫ్ట్ తిరిగే వేగాన్ని కొలుస్తూ ఉంటుంది. ఐడిల్‌లో 800 ఆర్పీఎం అనుకుందాం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ కాబట్టి ఒక్కో సిలిండర్ రెండు రౌండ్లకి ఒకసారి మండుతుంది, అంటే నిమిషానికి 400 సార్లు. నాలుగు సిలిండర్లు కలిపితే 1600, సెకనుకి దాదాపు 27. ప్రతిసారీ షాఫ్ట్‌కి చిన్న తోపు పడాలి. ఏ సిలిండర్ వంతులో తోపు పడలేదో ఈసీయూ లెక్కపెట్టి, లిమిట్ దాటితే కోడ్ రాస్తుంది. రెండో సిలిండర్ అయితే పి0302. అక్కడా ఇక్కడా మిస్ అవుతుంటే పి0300.

అంటే పి0302 చెప్పేది ఇంతే: రెండో సిలిండర్ సరిగ్గా మండట్లేదు. ప్లగ్ పోయిందా, కాయిల్ పోయిందా, ఇంజెక్టర్ మూసుకుపోయిందా, కంప్రెషన్ తగ్గిందా అన్నది దానికి తెలీదు. పి0352 వేరే కేసు. అది రెండో కాయిల్ ఎలక్ట్రికల్ సర్క్యూట్ గురించి. అది వస్తే కాయిల్ కంటే ముందు కనెక్టర్ వదులైందేమో, ఎలుక వైరు కొరికిందేమో చూడాలి. నవ్వకండి, అపార్ట్‌మెంట్ సెల్లార్ పార్కింగ్‌లో ఇది చాలా మామూలు విషయం.

మా ఇంటి కారు కేసు

ఖమ్మంలో మా నాన్న నడిపేది పదేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. వానాకాలంలో ఒక వీకెండ్ ఇంటికి వెళ్తే, "ఒరేయ్, పొద్దున్నే స్టార్ట్ చేస్తే బండి ఊగిపోతోంది. నాలుగు కాయిల్సూ మార్చాలంటున్నాడ్రా, 12,000 అవుతుందట" అన్నారు. మా ఇంట్లో 12,000 అంటే ఆలోచించకుండా ఇచ్చే డబ్బు కాదు. స్కానర్ పెట్టి చూస్తే పి0300, పి0302 ఉన్నాయి.

కోడ్ కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది ఫ్రీజ్ ఫ్రేమ్. తప్పు రికార్డ్ అయిన క్షణంలో ఇంజిన్ పరిస్థితిని ఈసీయూ స్క్రీన్‌షాట్‌లా దాచుకుంటుంది. మా కారులో ఆర్పీఎం 760, కూలెంట్ వేడి 38 డిగ్రీలు, స్పీడ్ సున్నా. అంటే చల్లని ఇంజిన్, నిలబడి ఉన్నప్పుడు. తేమ, స్పార్క్ సమస్యలు బయటపడే టైమే అది. అప్పుడు అడిగాను, ఈమధ్య ఏం చేయించారని. రెండు రోజుల ముందు వాటర్ వాష్ చేయించారట, బానెట్ ఎత్తి మరీ.

తర్వాత ఫ్యూయల్ ట్రిమ్ చూశాను. ఇది చాలామంది వదిలేసే గ్రాఫ్. ఈసీయూ లెక్క కంటే ఎంత శాతం పెట్రోల్ ఎక్కువ లేదా తక్కువ పోస్తోందో చెబుతుంది. అటూ ఇటూ 10 శాతం లోపు ఉంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఐడిల్‌లో బాగా ప్లస్‌లో ఉండి, యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్పీఎం దగ్గర పట్టుకుంటే సున్నా వైపు దిగుతోందంటే, ఎక్కడో వాక్యూమ్ పైపు లీక్ నుంచి గాలి దూరుతోందని అనుమానించాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మిస్‌ఫైర్ అయినప్పుడు మండని ఆక్సిజన్ అంతా సైలెన్సర్ వైపు వెళ్తుంది, ఆక్సిజన్ సెన్సర్ దాన్ని చూసి "పెట్రోల్ తక్కువైంది" అనుకుంటుంది. కాబట్టి మిస్‌ఫైర్‌తో పాటు పి0171 వచ్చిందని వెంటనే ఆక్సిజన్ సెన్సర్ మార్చేయకండి, అది పాపం చూసిందే చెబుతోంది. మా కారులో ట్రిమ్ 6 దాటలేదు. గాలి లీక్‌ని పక్కన పెట్టాం.

ఇక అసలు టెస్ట్. దీనికి పైసా ఖర్చు లేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఇగ్నిషన్ ఆఫ్ చేసి, రెండో కాయిల్‌ని మూడో దాని చోట, మూడోదాన్ని రెండో దాని చోట పెట్టాలి. కోడ్స్ క్లియర్ చేసి బండి నడపాలి. పి0303 వస్తే కాయిల్ దొంగ దొరికినట్టే. కాయిల్ పీకగానే ప్లగ్ గుంతలో తడి, ప్లగ్ తల మీద తుప్పు కనిపించాయి. గుడ్డతో ఒత్తి ఆరబెట్టి కాయిల్స్ మార్చాం. మర్నాడు పొద్దున మళ్లీ పి0302 వచ్చింది. కాయిల్ నిర్దోషి! ఈసారి రెండో ప్లగ్‌ని నాలుగో దానితో మార్చాం. కోడ్ పి0304 అయింది. ప్లగ్ తీసి వెలుగులో తిప్పి చూస్తే తెల్ల పింగాణీ మీద వెంట్రుకంత నల్ల గీత. స్పార్క్ కొనదాకా పోకుండా ఆ దారిలో పక్కకి దూకేస్తోంది. నాలుగు కొత్త ప్లగ్‌లు పాత వాటి వయసు చూసి సెట్‌గా వేశాం, అన్నీ కలిపి 1,000 లోపే. వణుకు పోయింది.

ఇంజిన్ రన్ అవుతుండగా కాయిల్ పీకే వీడియోలు యూట్యూబ్‌లో చాలా ఉన్నాయి. అది చేయకండి, అందులో వేల వోల్టులు ఉంటాయి. ప్లగ్‌ని కూడా మొదట చేత్తోనే తిప్పండి, అడ్డంగా ఎక్కితే అల్యూమినియం హెడ్ మర పాడవుతుంది. సిలిండర్ నంబర్ చాలా ఇంజిన్లలో టైమింగ్ చెయిన్ వైపు నుంచి మొదలవుతుంది, కానీ మీ కారు మాన్యువల్ చూసుకోండి. కొన్ని పాత కార్లలో ఒకే కాయిల్ రెండు సిలిండర్లకి స్పార్క్ ఇస్తుంది, సాధారణంగా 1, 4 ఒక జత, 2, 3 ఒక జత. వాటిలో పి0301, పి0304 కలిసి వస్తే ఆ జత కాయిల్ మీదే మొదటి అనుమానం. ప్లగ్, కాయిల్ రెండూ మార్చి చూసినా కోడ్ అదే సిలిండర్‌లో మొండికేస్తే, ఇంజెక్టర్, కంప్రెషన్ వైపు వెళ్లాలి. అక్కడి నుంచి పని మెకానిక్‌దే. డీజిల్ కార్లకు స్పార్క్ ప్లగ్‌లే ఉండవు కాబట్టి ఈ ప్లగ్, కాయిల్ కథ వాటికి వర్తించదు.

ఇంజిన్ లైట్ ఊరికే వెలుగుతుంటే గ్యారేజీ దాకా మెల్లగా పోవచ్చు. టపటపా కొట్టుకుంటుంటే మాత్రం బండి పక్కకి ఆపేయండి. మండని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, అది కరిగిపోయేంత వేడెక్కుతుంది. ప్లగ్ ధరతో పోలిస్తే కన్వర్టర్ ధర ఊహించలేరు.

యాప్‌లో "క్లియర్ కోడ్స్" బటన్ నొక్కేముందు కోడ్‌లూ, ఫ్రీజ్ ఫ్రేమూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆ బటన్ ఫ్రీజ్ ఫ్రేమ్‌ని కూడా తుడిచేస్తుంది. రెడీనెస్ మానిటర్లు అనే సెల్ఫ్ టెస్టుల లిస్ట్ కూడా రీసెట్ అవుతుంది. అవి మళ్లీ పూర్తి కావాలంటే బండి కొన్ని రోజులు రకరకాలుగా తిరగాలి. సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లినప్పుడు ఈ లిస్ట్ ఓపెన్ చేయండి. ఇంజిన్ లైట్ లేదు, కోడ్ ఒక్కటీ లేదు, కానీ మానిటర్లలో చాలా వరకు "నాట్ రెడీ" అని ఉంటే, ఎవరో ఈమధ్యే కోడ్స్ క్లియర్ చేసి ఉంటారు, లేదా బ్యాటరీ తీసి ఉంటారు. ఎందుకు తీశారని అమ్మేవాళ్లని అడగండి.