చిన్న అప్పును మోయు విధము

అంగడి నడుపు ఇండ్లలో అప్పు అను మాట వినగానే కొందరు సిగ్గుపడుదురు; మరికొందరు లెక్క చూడక చేయి చాచుదురు. రెండును మేలు కావు. అప్పు కూడ ఒక సరుకే. దాని వెల వడ్డీ. వెల తెలియక ఏ వర్తకుడును సరుకు కొనడు గదా!

నా అనుభవమునే ముందు చెప్పెదను. హోసూరులో మాది చిన్న పాత్రల అంగడి. 2020 మార్చిలో లాక్‌డౌను రాగా తలుపులు మూసితిమి. తిరిగి తెరచునాటికి పెళ్ళిళ్ళ బేరము పోయినది, అరువు బాకీలు నిలిచిపోయినవి. అప్పుడు 40,000 రూపాయలు అప్పు తెచ్చితిని. అందులో 15,000 ఇంటి ఖర్చులకు వాడితిని. అదియే నా తప్పు. సరుకులో పెట్టిన 25,000 తన వాయిదా తానే తీర్చుకొన్నది. ఇంటిలో కరిగిన 15,000 కొరకు నా సహధర్మిణి గాజులు కుదువ పెట్టవలసివచ్చెను.

ఆ పిమ్మట ఆమెయే దారి చూపినది. ప్రతి సాయంకాలము గల్లాపెట్టె లెక్కించి, ఆనాటి వాయిదా భాగమును వేరుచేసిన పిదపనే ఇంటికి రొక్కము తీయవలెనన్నది. అంగడికి ఒక చిట్టా, ఇంటికి ఒక చిట్టా పెట్టించినది. ఇది ఆమె మహిళా సంఘములో నేర్చిన క్రమము.

ఈ సంఘములు మన ప్రాంతమునకు క్రొత్తవి కావు. అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సాయముతో తమిళనాడు ప్రభుత్వము 1989లో మహిళాభివృద్ధి పథకమును ధర్మపురి జిల్లాలోనే ప్రారంభించెను. హోసూరు, కృష్ణగిరి నాడు ఆ జిల్లాలోనివే. కృష్ణగిరి జిల్లా 2004లో ఏర్పడినది. ముందు పొదుపు, పిదప అప్పు అనునది సంఘముల నియమము. 1992లో నాబార్డు వీనిని బ్యాంకులతో కలుపు ప్రయత్నము మొదలిడెను. 2015లో వచ్చిన ముద్రా పథకమున శిశు తరగతి క్రింద చిన్న వర్తకునకు 50,000 వరకు తాకట్టు లేని అప్పు లభించును.

అయినను జాగ్రత్త వలయును. అప్పు తీర్చుటకు మరల అప్పు చేసి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నో పేద కుటుంబములు చితికిపోగా, 2010 అక్టోబరులో ప్రభుత్వము సూక్ష్మ ఋణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చెను.

కావున మూడు సంగతులు గుర్తుంచుకొనుడు. మొదటిది, వడ్డీ మొత్తము అసలుమీదనా, మిగిలిన బాకీమీదనా అని అడుగుడు. 10,000కు ఏడాదికి 12 శాతమని చెప్పి, మొత్తము అసలుమీద 1,200 వడ్డీ కట్టి, 12 నెలవారీ వాయిదాలుగా వసూలు చేసినచో, తరుగు బాకీ లెక్కన అది 21 శాతము దాటును. రెండవది, అమ్ముడుపోవు సరుకునకే అప్పు తెండు. మూడవది, ఒకటి తీరక మరియొకటి తేకుడు.

ఆస్తికి హద్దు పెట్టుకొను పరిగ్రహ పరిమాణ వ్రతము మనమెరిగినదే. అప్పునకును అట్టి హద్దు పెట్టుకొన్న ఇంటిలో నిద్ర పట్టును. మా గాజులు ఏడాదికి విడిపించితిమి; రెండు చిట్టాలు మాత్రము నేటికిని నడుచుచున్నవి.